బాబాయ్ కొలిచిన యాంటెన్నా

ఆమె పని యాంటెన్నాలు చేయడం. గోరంత జాగా చూపించి, ఫోన్ సిగ్నలూ వైఫై సిగ్నలూ అన్నీ అందులోంచే నడవాలంటారు కంపెనీవాళ్లు. ఎదురు చెప్పడం ఆమెకు చేతకాదు, తల వంచుకుని చేసిపెడుతుంది. ఈ పనిలోకి తెచ్చింది సొంత బాబాయే. అదే ల్యాబులో ఆయనది పక్క బల్ల. కన్నతండ్రి మాట కన్నా ఆయన మాటకే ఎక్కువ విలువ ఇచ్చేది. అక్కడే దెబ్బ తింది.

రోగి మణికట్టుకు కట్టే పరికరం కోసం ఇద్దరూ చెరొక యాంటెన్నా చేశారు. తీసుకునేది ఒక్కటే. ఎవరు చేసినదాన్ని వాళ్లు కొలవకూడదన్నది ఆ ల్యాబు పద్ధతి. అందుకని ఆయనది ఆమె, ఆమెది ఆయన కొలిచారు. ఇంత చిన్న యాంటెన్నాలతో ఒక తంటా ఉంది. కొలవడానికి తగిలించే కేబులు ఊరుకోదు, తానూ సిగ్నల్ విసిరి యాంటెన్నాకు లేని గొప్ప తెచ్చిపెడుతుంది. దాని నోరు నొక్కడానికి కేబులుకు నల్లటి ఫెరైట్ రింగులు తొడుగుతారు. ఆ సంగతి నేర్పిందీ బాబాయే. ఆయనది కొలిచేటప్పుడు ఆమె రింగులన్నీ ఒద్దికగా తొడిగింది.

ఆమె యాంటెన్నాకే ఎక్కువ మార్కులు పడ్డాయి. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది బాబాయే. తీరా పరికరంలో బిగించి, కేబులు తీసేసి బ్యాటరీ మీద నడిపితే పక్క గదికి కూడా సిగ్నల్ అందలేదు. పైఅధికారుల ముందు ఆమెకు తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే బాబాయ్ యాంటెన్నాను ఖాయం చేశారు.

ఎక్కడ తప్పిందో తెలియక ఆమె తన యాంటెన్నాను మళ్లీ కొలిచింది. రింగులు తొడిగితే అంకెలు సగానికి పడిపోయాయి. తీసేస్తే బాబాయ్ చూపించిన అంకెలే పొల్లుపోకుండా వచ్చాయి. ఒళ్లు మండిపోయింది. మరచిపోయే మనిషైతే మరచిపోయాడనుకోవచ్చు.

"నాదానికి రింగులు పెట్టలేదేం బాబాయ్?"

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. బుకాయించలేదు, అదొక్కటే నయం.

"పెడితే లోపం నీకు కనిపించేదమ్మా."

"కనిపిస్తే ఏమైంది?"

"వారం తిరిగేలోగా సరిచేసేదానివి. నీ పని నాకు తెలీదా? అప్పుడు నాదాని మొహం ఎవరు చూస్తారు?"

ఏడుపు రాలేదు. ఇంతగా నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె పని గురించి ఆయన నోట మంచి మాట రావడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి.