జనార్ధనరావు గారి ఒక్క మాట

జనార్ధనరావు గారి నోట్లోకి వెళ్ళిన ఏ పదార్థమూ వంక పెట్టించుకోకుండా కడుపులోకి దిగిన దాఖలా చిల్కానగర్‌లో లేదు. నాచారంలోని ఒక పచ్చళ్ళ కంపెనీలో రుచి చూసి చెప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ను వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఏది పెట్టినా ముందు వాసన చూస్తారు. నోట్లో వేసుకుని కళ్ళు మూస్తారు. బుగ్గలు అటూ ఇటూ కదులుతాయి. ఎడమ కనుబొమ్మ లేస్తుంది. ఆ తర్వాత, "ఒక్క మాట చెప్పనా?" అంటారు. అది ఒక్క మాటతో ఆగిన రోజు లేదు.

దగ్గు మందు తాగి, "పాకం ముదిరింది" అన్న మనిషి. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు పుక్కిలించి, "మీ ట్యాంకు కడిగించి చాలా రోజులైనట్టుంది" అన్నారు. ఇంటాయన పైకెక్కి చూస్తే లోపల పావురం ఈకలు తేలుతున్నాయి. ఉప్పల్ చౌరస్తాలో మిర్చి బజ్జీల పోశయ్య అయితే ఆయన్ను చూడగానే కాగుతున్న బాండీ మీద మూత పెట్టేవాడు.

"నూనె నిన్నటిది కదయ్యా?"

"నిన్నటిదే సార్. జర మెల్లగ అనుండ్రి, గిరాకీ ఉన్నది."

మర్నాటి నుంచి పోశయ్య నూనె మార్చాడు. గిరాకీ పెరిగింది. మూత పెట్టే అలవాటు మాత్రం పోలేదు.

ఇంతటి నాలుకకు ఎదురు నిలిచిన వంట కాలనీ మొత్తంలో ఒక్కటే, ఆయన ఇంటి కింది వాటాలో అద్దెకున్న తారామణిది. బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, పులిహోర కలిపి పైకి తీసుకెళితే, ఆయన రెండు ముద్దలు తిని, "బాగుందమ్మా" అనేవారు. అంతే. కనుబొమ్మ లేచేది కాదు. తారామణి ఈ సంగతి కుట్టు మిషన్ల మధ్య అందరికీ చెప్పుకుంది.

"మా సార్ దేవుని ప్రసాదానికి గూడ వంక పెడ్తడు. నా పులిహోరకు పెట్టడు."

"మరి నా గొంతు ఎందుకు దిగుతలేదో" అని ఆమె భర్త తిరుపతి గొణిగేవాడు. ఆ మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తారామణి తమ్ముడు బాలరాజుకు అన్నోజిగూడ దాటాక తండ్రి విడిచిపోయిన ద్రాక్షతోట ఉంది. చుట్టుపక్కల తోటలన్నీ ప్లాట్లయి, తీగలున్న చోట హద్దురాళ్ళు మొలిచాయి. ఇతను మాత్రం లైసెన్సు తెచ్చుకుని, రేకుల షెడ్డులో చిన్న వైనరీ పెట్టాడు. రెండు రకాల నల్ల ద్రాక్షల సారం కలిపి ఎర్ర వైన్ చేశాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. ప్లాట్లవాళ్ళు నవ్వకుండా, శుక్రవారం సంతకానికి రమ్మన్నారు.

"సార్‌తోని రుచి సూపిద్దామక్కా. ఆయన మంచిగున్నదంటే తోట ఉంచుత. లేకుంటే సంతకం పెడ్త."

"నా పులిహోరను మెచ్చిన నాలుక రా అది. మన ఇంటి చెయ్యి ఆయనకు పడ్తది. నువ్వు ఫికర్ జెయ్యకు."

గురువారం సాయంత్రం బాలరాజు సీసా పట్టుకుని అక్కతో పాటు పైకి వచ్చాడు. జనార్ధనరావు గారి భార్య ఛాయాదేవి దేవుడి గది తలుపు వేసి, స్టీలు గ్లాసు తెచ్చి పెట్టింది.

"ఒక్క మాట చెప్పనా? స్టీలు గ్లాసులో రంగేం కనిపిస్తుంది?"

గాజు గ్లాసు వచ్చింది. ఆయన దాన్ని కిటికీ వెలుగుకు పట్టి తిప్పారు. వాసన చూశారు. ఒక గుక్క తాగి కళ్ళు మూశారు. ఎడమ కనుబొమ్మ లేచింది. తారామణి తమ్ముడి వైపు చూసింది. ఆ వెనకే కుడి కనుబొమ్మ కూడా లేచింది. అంతటి అనర్థం ఆమె ఎన్నడూ చూడలేదు.

"రెండో రకం ద్రాక్ష వాటా ఎక్కువైంది. తొడిమెలు తియ్యకుండా తొక్కించావు, ఆ వగరు నాలుక అంచున కూర్చుంది. పీపా కొత్తది, ద్రాక్ష కంటే ముందు చెక్క పలకరిస్తోంది. సీసాలోకి తొందరపడి దించావు. ఇంకొంచెం పొయ్యి."

పోశాడు. ఇంకొన్ని తప్పులు దొరికాయి. మళ్ళీ పొయ్యమన్నారు. సీసా సగమయ్యేసరికి బాలరాజు మొహం తెల్లబడింది, ఆయన మొహం ఎర్రబడింది.

"పోయొస్త సార్" అని లేచి, గడప దగ్గర అక్క చెవిలో, "రేపు సంతకం పెడ్తనక్కా" అని దిగిపోయాడు బాలరాజు.

తారామణి వంటింట్లోకి వెళ్ళి ఛాయాదేవిని నిలదీసింది.

"ఆశ పెట్టుకొని వచ్చిండమ్మా పోరడు. మంచిగున్నది అంటే సార్ సొమ్మేం పోతుండె?"

"బాగుందని అనుంటే ఆ తోట అమ్ముకోవలసిందేనే" అంది ఛాయాదేవి, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ. "పెళ్ళయిన నాటి నుంచి నా కాఫీకి రోజూ వంక పెడుతున్నారు. బాగుందన్న రోజున డాక్టరుకి చూపించాలి. బాగుపడుతుందని నమ్మకం ఉంటేనే ఆయన తప్పు చెబుతారు. లేకపోతే, పాపం అలసిపోయి చేసి తెచ్చారు, మళ్ళీ బాధపెట్టడమెందుకని, బాగుందని చెప్పి మెదలకుండా తినేసి..."

ఛాయాదేవి గరిటె ఆగింది.

"అయితే నా పులిహోర..." అంది తారామణి.

"కాఫీ తాగుతావా?" అంది ఛాయాదేవి.

తారామణి కాఫీకి ఆగకుండా మెట్లు దిగి పరుగెత్తింది. బాలరాజు బండికి కిక్కు కొడుతున్నాడు.

"ఆగురా. సంతకం పెట్టకు. సార్‌కు నీ వైన్ మస్తు నచ్చింది."

"ఏందక్కా, గంత సేపు తిట్టిండు గదా."

"నన్ను ఎన్నడన్న తిట్టిండా? అందుకే చెప్తున్న."

పైనుంచి జనార్ధనరావు గారు కిటికీలోంచి తల బయట పెట్టారు.

"బాలరాజూ, మిగిలిన సగం ఇక్కడే వదిలేశావు. కావాలనేగా?"

శుక్రవారం ప్లాట్లవాళ్ళు చూసి చూసి వెళ్ళిపోయారు. ఆ తర్వాతి పంటకు బాలరాజు తొడిమెలు తీయించాడు. జనార్ధనరావు గారు బస్సెక్కి షెడ్డుకు వెళ్ళి మరీ తప్పులు చెప్పి వచ్చేవారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన సంచి కొంచెం బరువుగా ఉండేది.

తారామణి ఊరుకోలేదు. చింతపండు మార్చింది, ఇంగువ మార్చింది, అన్నం ఆరబెట్టి కలపడం నేర్చుకుంది. పైనుంచి "బాగుందమ్మా" అని వినిపించినప్పుడల్లా మొహం వేలాడేసుకుని దిగివచ్చేది. చివరికి ఒక ఆదివారం ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూశారు. బుగ్గలు కదిలాయి. ఎడమ కనుబొమ్మ మెల్లగా లేచింది.

"తారామణీ, ఒక్క మాట చెప్పనా?"

తారామణి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"తొందరేం లేదు సార్. మొత్తం చెప్పుండ్రి."