నడుముకు ఇనుము

మా అల్లుడు పిస్తోలు కొనాలనుకున్న రోజుల్లో, సాయంత్రమైతే మా ఇంట్లో అదే చదువు. అతనికి సైన్స్ పార్క్‌లో కంప్యూటర్ ఉద్యోగం. అక్కడి నుంచి పుంగ్గోల్‌లోని ఫ్లాట్‌కి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా ల్యాప్‌టాప్ తెరిచేవాడు. ఆ పిస్తోలు అప్పటికే కొనుక్కున్నవాళ్ళు, ఎక్కడెక్కడి మనుషులో, అది తమ చేతిలో ఎలా ఉందో ఇంగ్లీషులో రాసి పెట్టేవారట. నేను మెంతికూర తుంచుతూ కూర్చుంటే ఒక్కొక్కటి తెలుగు చేసి నాకు వినిపించేవాడు. అల్లుడంటే పరాయివాడు కాదు, మా అన్న కొడుకే. మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను అత్తా అంటున్నవాడు.

“అంతా ఉక్కేనంట అత్తా. యాడా ప్లాస్టిక్కే లేదంట.”

“అన్నం గిన్నె గూడా అంతా ఉక్కే నాయనా. చల్లారిపోతాండాది, రా.”

“ఈయన ఏం రాసినాడో విను. బరువు ఎక్కువ గాబట్టి కాల్చినప్పుడు చెయ్యి ఎగరదంట. ఇంకొకాయనది వానలో తడిసినా ఒక్కతూరి గూడా గుండు ఇరుక్కోలేదంట.”

“పెండ్లాం గురించి గూడా ఇంత విచారించలేదు గదరా నువ్వు.”

లోపలి నుంచి నా కూతురు అందుకుంది. “నన్నేం విచారిస్తాడు మా, చీమిడి ముక్కప్పట్నుంచి చూస్తాండాడు గదా!”

అందరం నవ్వాం.

మేముంటున్న ఈ పరాయి దేశంలో అలాంటిది ఇంట్లో దొరికితే జైలు, బెత్తం దెబ్బలు. పేలిస్తే ఉరే. అతను కొనాలనుకున్నది ఇక్కడికి కాదు. హైదరాబాదు అంచున అతనికి కొంత జాగా ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక అక్కడి రాళ్ళగుట్టల ధరలకు కూడా రెక్కలు వచ్చాయి. ఎవరో ఆ జాగా చుట్టూ కంచె నాటి, లోపల ఒక కాపలా గది కట్టేశారు. కోర్టులో తేలేదాకా ఆ చుట్టుపక్కలకు పోవద్దని లాయరు చెప్పాడు. మా అన్న మాత్రం ఎవరెవరినో పట్టుకుని కొడుకు పేర పిస్తోలు లైసెన్సు తెప్పించాడు. వచ్చే సెలవుల్లో పోయి కొనుక్కోవడమే మిగిలింది.

మా ఆయనకూ ఒకటి ఉండేది. మా ఊళ్ళో రెండు వర్గాలు. ఒక వర్గం పెద్దమనిషికి మా ఆయన కుడిభుజం. ఆ పెద్దమనిషే ఇప్పించాడు. మా ఇంట్లో ఎవరూ దాన్ని పిస్తోలు అనేవారు కాదు. ఇనుము అనేవాళ్ళం. వేరే ఆడవాళ్ళు గొడుగు తీసుకున్నావా అని మొగుణ్ణి అడిగినట్టు, నేను “ఇనుము తీసుకుంటివా?” అని అడిగాకే గడప దాటనిచ్చేదాన్ని. మా అల్లుడు చిన్నప్పుడు మా ఇంటికి వస్తే, వాళ్ళ మామ నడుము వైపే చూస్తూ కూర్చునేవాడు.

ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ పక్కకు జరిపి అడిగాడు.

“ఎవురెవురివో చదువుతాండా గానీ, నువ్వు చెప్పు అత్తా. మామది ఎట్లుండె?”

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. వింటే అసహ్యం పుడుతుందని అంతా చెప్పాను. బరువుకు ప్యాంటు ఎప్పుడూ ఒకవైపు జారేది. అది ఒరుసుకునే చోట చర్మం నల్లబడి, ఎద్దు మెడ మీద కాడి కాయలా తయారైంది. ఎండాకాలం చెమటకు తుప్పు దిగి, ఆ మరక బనీనులోంచి ఏ సబ్బుకూ పోయేది కాదు. కింద కూర్చుని అన్నం తినలేడు. కూతుర్ని ఎడమ పక్కనే ఎత్తుకునేవాడు. పడుకున్నా ఒకే వైపు. గుళ్ళోకి పోతే దాన్ని నా కొంగు కింద పెట్టి పోయేవాడు, నేను చెప్పుల దగ్గర కూర్చుని ఉండేదాన్ని. కుట్టుమిషను నూనెతో తుడిచేది నేనే. ఎంత కడుక్కున్నా చేతులకు ఆ వాసన పోక, నేను ముద్ద కలిపి పెడితే బిడ్డ మొహం తిప్పుకునేది.

అతను చాలా శ్రద్ధగా విన్నాడు.

“అంటే తుప్పు పడతాది అన్నమాట. అయితే పైన పూత ఉండేది తీసుకోవల్ల,” అన్నాడు. “ఇంతమంది రాసినారు గానీ, ఈ మాట ఒక్కరూ చెప్పలేదు అత్తా!”

నేను అసహ్యం పుట్టాలని చెప్పిందంతా అతనికి సలహా అయిపోయింది. ఆ పూటే నా మాటలు కూడా ఇంగ్లీషు చేసి ఆ మనుషుల మధ్య రాసి పెట్టాడు. ఒకాయన నాకు థాంక్స్ కూడా చెప్పాడట.

అతను ఇక్కడ గురి నేర్పే క్లబ్బులో చేరాడు. ఇంట్లోవాళ్ళను రానిచ్చే ఒక ఆదివారం మమ్మల్నీ తీసుకుపోయాడు. అద్దం వెనక కుర్చీలు. చెవులకు గిన్నెల్లాంటివి తగిలించారు. అయినా ఒక్కో దెబ్బకు నా పళ్ళు కదిలాయి. మనవరాలు అట్టమీది బొక్కలు చూసి, “డాడీ సో గుడ్ లా!” అని ఇక్కడి యాసలో అరిచి చప్పట్లు కొట్టింది. నేను అట్టను చూడలేదు, అతని మొహం చూశాను. ఏళ్ళ తరబడి అప్పులవాడిలా వంచుకుని నడిచిన మెడ నిటారుగా నిలబడింది. ఆట అయ్యాక పిస్తోలు వెనక్కి తీసుకుని, లెక్క చూసుకుని, ఇనప తలుపుల గదిలో పెట్టి తాళం వేశారు.

ఆ తర్వాత వారాల్లో గమనించాను. నడుస్తుంటే అతని కుడిచెయ్యి ఒంటికి ఆనకుండా కొంచెం ఎడంగా ఉంటోంది. రైల్లో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు, వీపు అద్దానికి ఆనించి నిలబడతాడు. నడుముకు ఏమీ లేదు, అయినా ఉన్నట్టే నడక.

“చూడు మే, నీ మొగుడి చెయ్యి,” అన్నాను కూతురితో.

“మౌస్ పట్టుకుని పట్టుకుని భుజం పట్టేసింది మా. ఆయింట్‌మెంట్ రాస్తాండా.”

ఆ చెయ్యి నాకు తెలుసు. తండ్రి పోయేనాటికి నా కూతురు చిన్నది, దానికి గుర్తులేదు.

ఇక ఊరుకోలేక ఒక సాయంత్రం ఇంటికి దగ్గరి నీళ్ళ ఒడ్డున, గాలాలు వేసేవాళ్ళకు దూరంగా, అల్లుణ్ణి కూర్చోబెట్టాను.

“మీ మామ ఇనుము రాకముందు టౌనుకు ఎట్ల పోతాండె, తెలుసునా నీకు?”

“ఎట్ల?”

“చెరువు కట్ట మీద సుట్టు తిరిగి పోతాండె. అవతలి వర్గమోళ్ళ వీధిలో అడుగు పెట్టేవాడు కాదు. ఎండకు మాడి వచ్చి, పిరికినాయాలు బతుకైపోయిందే అని నన్ను తిడతాండె. తిట్టేదానికి మనిషైతే ఉండె గదా! ఇనుము వచ్చినాక నేరుగా పోవడం మొదలుపెట్టె. ఇనుము మనిషిని కాయలేదు నాయనా. దారి మార్చింది.”

అతను మెల్లగా అడిగాడు.

“మామను చంపిన పొద్దు అది ఇరుక్కుపోయిందా అత్తా?”

“లేదు.”

“మరి?”

“బయటికే రాలేదు. నేను నూనె తుడిచింది తుడిచినట్టే ఉండె. పోలీసోళ్ళు చూపిచ్చినారు.”

ఎడంగా ఉండే అతని కుడిచెయ్యి ఒళ్ళోకి దిగింది. నా మాట తగిలిందనే అనుకున్నాను.

“మామ నడుముకు ఉన్న ఒర మంచిది కాదు అత్తా,” అన్నాడు చివరికి. “అప్పట్లో ఒరలు బాగుండేవి కావు. ఇప్పటివి లాగితే చేతికి వచ్చేస్తాయి.”

మా ఆయన్ను తెచ్చి అరుగు మీద పడుకోబెట్టిన రోజు అరిచిన అరుపుకు నా గొంతు చీరుకుపోయింది. అప్పటి నుంచి ఇదే బొంగురు. ఆ ఒడ్డున ఆ బొంగురుతోనే, ఇంటికి పోదాం పా నాయనా అన్నాను. లేచి చీర దులుపుకున్నాను.

మా అన్నకు ఫోను చేశాను. “మీ బావను అరుగు మీద చూసినోడివి గదన్నా. చూసి గూడా కొడుక్కి కొనిస్తావా?”

“చూసినా గాబట్టే కొనిస్తాండా మే. ఉత్త చేతులతో పంపమంటావా?” అన్నాడు.

ఒకే శవాన్ని ఇద్దరం చూశాం.

సెలవులకు అతను ఒక్కడే పోయాడు. అతను కొన్నాడని తెలిసిన రోజు నుంచి ఫోను మోగితే నా కూతురే తియ్యాలి. ఒక మధ్యాహ్నం అతని గొంతు ఇల్లంతా వినబడింది.

“కంచె పీకేసినారు అత్తా! పోయి నా జాగాలో నిలబడినా, అంతే. చొక్కా కొంచెం పైకి జరిగింది. వాళ్ళు చూసినారు. ఒక్క గుండు గూడా కాల్చలేదు. మర్యాదగా మాట్లాడి పోయినారు!”

లాయరు పోవద్దన్న చోటికే పోయి వచ్చాడు. నా కూతురు పాయసం చేసింది. నేనూ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను, అబద్ధమెందుకు. పిల్లవాడు ప్రాణాలతో ఉన్నాడు. కానీ మా ఆయన మొదటి ఏడాది కూడా అచ్చం ఇలాగే గడిచింది. దారినపోయేవాళ్ళు పక్కకు తప్పుకునేవారు, అంగట్లో నాకు ముందు తూచి ఇచ్చేవారు. ఎవరూ నోరెత్తలేదు. నోరెత్తకుండా ఎదురుచూశారు.

అతను తిరిగి వచ్చాడు, పిస్తోలు అక్కడే మా అన్న దగ్గర ఉండిపోయింది. ఇక ఈ ఇంట్లో అతనికి కాలు నిలవలేదు. భోజనానికి కూర్చుంటూ నడుము తడుముకునేవాడు. కింద టీ అంగట్లో పొద్దంతా పేపరు చదివే చైనా ముసలాయన్ని చూసి, వీడెవడు రోజూ ఇక్కడే ఉంటాడు అనేవాడు. పిల్లలు చీకటి పడేదాకా ఒంటరిగా ఆడుకునే ఊళ్ళో, తలుపు గడియ మళ్ళీ మళ్ళీ చూసి వచ్చేవాడు.

కొన్నాళ్ళకు అసలు మాట బయటపెట్టాడు. కంపెనీ హైదరాబాదులో ఆఫీసు తెరుస్తోంది, తనే అడిగి బదిలీ పెట్టించుకున్నాడు. ఆ జాగాలోనే ఇల్లు కడతాడు. పిల్లకు తెలుగు వస్తుందని, పెద్దవాళ్ళకు దగ్గరగా ఉండొచ్చని అందరికీ చెప్పాడు. నా కూతురు మిద్దె మీద మల్లెతీగ పాకించే లెక్కల్లో పడింది. మనవరాలు ఒక్కతే “డోంట్ వాంట్ లా!” అని నేల మీద పడి ఏడ్చింది. నేను దాని వీపు నిమిరాను. ఇనుమును ఈ దేశం గడప దాటనివ్వదు. అది మా దగ్గరికి రాలేదు కాబట్టి, మేమే మూటలు కట్టుకుని దాని దగ్గరికి పోతున్నాం.

సామాన్లు సర్దుతున్న రోజు అల్లుడు ఇంటి ప్లాను కాగితం తెచ్చి నా ముందు పరిచాడు. పడకగది గోడలో ఒక చోట వేలు పెట్టాడు.

“ఈడ ఒక చిన్న ఇనప్పెట్టె పెట్టిస్తా అత్తా. తాళం నీ చేతిలోనే ఉండనీ. నీకు అలవాటే గదా.”

పక్కన బొమ్మలు సర్దుకుంటున్న మనవరాలు తలెత్తింది. “ఏం అలవాటు అవ్వా?”

నేను నోరు తెరిచేలోపే నా కూతురు చెప్పేసింది.

“బంగారం దాచిపెట్టేది,” అంది, అట్టపెట్టెకు టేపు లాగుతూ.