ఇనుప భస్మంతో పెళ్లిచూపులు

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, మౌలాలిలో పాత ఇనుము కొట్టు నడుపుకుంటున్న రోజులవి. బన్సీలాల్‌పేటకు పెళ్లిచూపులకు వెళ్లాను. పిల్ల తెగ నచ్చింది. కానీ నాటువైద్యుడైన వాళ్ల తాత నా జాతకం చూసి మొహం చిట్లించాడు.

"శని గట్టిగ పట్టిండు బిడ్డా. సూర్యునికి రాగి, శనికి ఇనుము. నా ఇనుప భస్మం తింటెనే పిల్లనిస్త."

ఆ పిల్ల కోసం ఇనుమేం ఖర్మ, ఇటుకైనా నమిలేవాణ్ణి. తేనెలో కలిపిన నల్లటి పొడిని నాకేశాను. తాత మురిసిపోయాడు.

"శనికి కొత్త ఇనుము పనికిరాదు. మొన్న మనిషిని తోలి, మౌలాలి కొట్టుల పాత మోరీ జాలీ తెప్పించిన. ఎర్రగ కాల్చి, ఆవు పంచితంల ముంచి నూరిన."

ఆ మురుగుకాలువ జాలీ అమ్మింది నేనే! దానికి పట్టిన మురుగు, వెంట్రుకల ఉండలు, ఇరుక్కున్న ఎలుక తోక కళ్లముందు మెదిలాయి. కడుపులోంచి తన్నుకొచ్చి, అందరి ముందూ గుమ్మంలోనే భళ్లున కక్కేశాను. సంబంధం పోయిందనుకున్నాను.

తాత చప్పట్లు కొట్టాడు. "శని బయటికి ఎల్లిండు! ముహూర్తం పెట్టుండ్రి!"

పెళ్లయింది. కానీ ఇప్పటికీ ఎవరు ఏ మందు ఇచ్చినా, అది మందు కాకముందు ఎక్కడ పడి ఉండేదో తెలుసుకోనిదే నోట్లో వేసుకోను.