దగ్గుకొక గీత

ఫిలింనగర్ బస్సులో కండక్టరుకు నా సినిమా కథ చెబుతున్నాను. రాక్షసుడు కొండను నమిలి మింగే ఘట్టం. పక్క సీటులోని కళ్ళజోడాయన చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. తొంభైల్లో ఆ దారిలో కథల దొంగలకు కొదవ లేదు. నేను గొంతు తగ్గించాను. ఆయన చెవి ఇటు వంచాడు. ఇక లాభం లేదని పుస్తకం లాక్కున్నాను.

పేజీ నిండా నిలువు గీతలే.

"మీరు దగ్గినప్పుడల్లా ఒకటండీ," అన్నాడాయన నింపాదిగా. "నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. జూబ్లీహిల్స్‌లో ఇళ్ళ కోసం బండలు పేలుస్తున్నారుగా. ఆ దుమ్మును మా కెమిస్ట్రీ ఆయన పరీక్షిస్తున్నాడు, ఊపిరితిత్తులు ఒక డాక్టరు చూస్తున్నాడు. దగ్గులు నా వంతు."

నేను నమ్మలేదు. ఇంత పెద్ద కోత నేను కూడా ఎప్పుడూ కోయలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఈ దగ్గు?" అన్నాడు.

"నిన్నటి నుంచి," అన్నాను.

"రెండేండ్ల సంది ఇంటున్న సార్," అన్నాడు కండక్టరు.

ఆయన డాక్టరు చిరునామా రాసి నా జేబులో పెట్టి, చెక్‌పోస్టు దగ్గర దిగిపోయాడు. వారం రోజులు అనుమానించి, చివరికి వెళ్ళాను. ఊపిరితిత్తుల్లో బండల దుమ్ము చేరిందన్నాడు డాక్టరు. ఏడాది పాటు మందులు మింగాను.

ఆ కథ ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. రాక్షసుడు మాత్రం కొండ మింగాక దగ్గుతాడు.