మా ఆయన చెవులకు కాపలా

మా ఆయనకు చెవుడు వచ్చిందని ఊళ్ళో అందరికన్నా ముందు నాకే తెలిసింది, అదీ చింతపండు మూలంగా. సంతకు పోతుంటే వీశెడు చింతపండు తెమ్మన్నాను. పొద్దుగూకే వేళకు చంకలో చిన్న కుండ పెట్టుకుని వచ్చాడు. ఇదేందయ్యా అంటే, చిన్న కుండ అన్నది నువ్వేగా అని నా మీదే విసుక్కున్నాడు. పైగా వేలితో కొట్టి, మోత విని మరీ తెచ్చాడట. ఆ మోత ఆయనకేం వినపడిందో దేవుడికే తెలియాలి. నీళ్ళు పోస్తే అడుగు నుంచి కారింది.

దాచేపల్లి దగ్గర సున్నపురాయి గనిలో ఆయన పని. పొడుగాటి ఇనప కడ్డీని రాతి మీద నిలబెట్టి ఒకడు తిప్పుతుంటే, ఇంకొకడు సమ్మెటతో కొట్టి బెజ్జం వెయ్యాలి. ఆ బెజ్జంలో మందు కూరి పేలిస్తే రాయి విడుతుంది. సమ్మెట పట్టేది మా ఆయన. పదిహేనేళ్ళు ఇనుము మీద ఇనుము మోగించినవాడి చెవులు ఎన్నాళ్ళు నిలుస్తాయి?

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. కోడి కూయకముందే లేచేవాడు. సాయంత్రం నిలువెల్లా తెల్లటి దుమ్ముతో వచ్చేవాడు. గుమ్మంలో నిలబడితే చంటిది దడుచుకుని ఏడ్చేది, మొహం కడుక్కున్నాక ఆయన భుజమెక్కి దిగేది కాదు. పెద్దపిల్లకు జడ వేస్తానని కూర్చునేవాడు. అవి వెంట్రుకలనుకున్నాడో రాయనుకున్నాడో, పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకునేది. చెవుడు వచ్చాక పిల్లలకు సుఖమైపోయింది. నాయన వెనక నిలబడే బెల్లం ఎట్లా దొంగిలించాలో మాట్లాడుకునేవారు.

నాకు మాత్రం ఒకటే భయం. మందు పేల్చేముందు గని గట్టు మీద వేలాడదీసిన ఇనప పట్టాను మోగించి, మందు మందు అని కేక వేసేవారు. అది వినగానే కింద ఉన్నవాళ్ళంతా పైకి రావాలి. ఆ కేక వినపడని మనిషిని మేస్త్రీ ఉంచుకోడు. అంతకు ముందేడు ఒక ముసలాయనను అందుకే ఇంటికి పంపాడు. మాకా, నలుగురు పిల్లలు. సెంటు భూమి లేదు. యుద్ధం రోజులు, బియ్యానికీ బట్టకూ కంట్రోలు. మేస్త్రీకి చెప్పి గట్టు మీద ఏదన్నా పని అడగమని మొత్తుకున్నాను. ఆయన వింటేగా. అదే మాట చెవిలో అరిస్తే, రాయి కొట్టేది చేతులతోగాని చెవులతోనా అన్నాడు. పక్కవాళ్ళు లేస్తే తానూ లేచి ఎక్కేసేవాడు. అట్లా ఏడాది నెట్టుకొచ్చాడు.

ఒకరోజు కడ్డీ తిప్పే జతగాడు పనికి రాలేదు. మా ఆయనను ఒక్కణ్ణే ఒక మూల బండలు పగలగొట్టమన్నారు. ఆ సంగతి నాకు తెలియదు. మధ్యాహ్నం జొన్నన్నం, గోంగూర ముంతలో పెట్టుకుని వెళ్ళేసరికి జనమంతా గట్టు అవతల కూర్చుని ఉన్నారు. కేక పడింది, వత్తి అంటించారు. నేను అందరి మొహాలూ చూశాను. మా ఆయన మొహం లేదు.

గట్టు అంచుకు పరుగెత్తి చూస్తే, కింద మూలన మా ఆయన. వీపు ఇటు పెట్టి బండను కొడుతున్నాడు, అంత నిదానంగా. వత్తి అంటించాక కిందికి దిగే మొనగాడు ఎవడూ ఉండడు. ఏమయ్యో అని అరిచాను. గట్టు అవతల కూర్చున్న మొగుళ్ళంతా తలలు తిప్పారు, నా మొగుడు తప్ప. పెద్దదాని నాయనా అని అరిచాను. ఉహూ.

మా వైపు ఆడది మొగుడి పేరు నోటితో అనకూడదు, అంటే ఆయుష్షు తగ్గుతుందని. ఇక అక్కడ తగ్గడానికి ఏం మిగిలిందిలే అనుకుని, అంతమంది మగాళ్ళ ముందు ఆయన పేరు పెట్టి, గొంతు చిరిగేట్టు మూడుసార్లు పిలిచాను. గట్టు మీద వాళ్ళు నోళ్ళు తెరిచారు. ఆయన మాత్రం బండను ఇంకో దెబ్బ కొట్టాడు.

అప్పుడు చేతిలో ఉన్న ముంతను బలంకొద్దీ విసిరాను. అది ఆయన కాళ్ళ దగ్గర పగిలి, గోంగూర పిక్కల మీద చిందింది. తల ఎత్తి చూశాడు.

"కూడు పారబోస్తావేందే? ఒళ్ళు కొవ్వెక్కిందా?"

చేతులు రెండూ ఊపాను. చుట్టూ చూసుకున్నాడు, ఎవరూ లేరు. ఇక సమ్మెట అక్కడే పడేసి ఎక్కిన ఎక్కుడు మేకపోతు కూడా ఎక్కలేదు. గట్టు దాటి నా పక్కన పడ్డాడో లేదో, కింద పేలింది.

మేస్త్రీ వచ్చి ఈ చెవుడు ఎన్నాళ్ళ నుంచి అని నన్ను అడిగాడు. చెవుడు కాదన్నా, పొద్దున పోట్లాడుకున్నాం, నా గొంతు వింటే ఆయన తల తిప్పడు అని అబద్ధమాడాను. మేస్త్రీ మా ఆయన వెనక్కి వెళ్ళి మామూలు గొంతుతో అన్నాడు.

"ఒరేయ్, నీ ఇల్లు తగలబడతా ఉందంటరా."

అందరూ తన వైపే చూస్తున్నారని మా ఆయన పసిగట్టాడు. ఏదో అడిగారనుకుని వెనక్కి తిరిగి, "అట్టాగే అన్నా, తిన్నాక చూసుకుంటాలే" అన్నాడు.

అందరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రేపటి నుంచి రావొద్దని మేస్త్రీ చేత్తో సైగ చేశాడు. ఆ సైగ మాత్రం మా ఆయనకు బాగానే అర్థమైంది. తుండుగుడ్డ దులుపుకుని భుజాన వేసుకున్నాడు.

నేను కదల్లేదు. గట్టు మీద రాళ్ళు మోసే ఆడవాళ్ళలో నన్నూ పెట్టుకోమన్నాను. ఆయన కింద పని చేసుకుంటాడు, కేక నేను వింటానన్నాను.

"నువ్వు పైన, వాడు కింద. ఎట్టా చెబుతావమ్మాయ్?"

"ముంత ఎట్టా చెప్పిందన్నా? రోజుకో ముంత నాకాడ లేదు. రాయి వేస్తా."

మేస్త్రీ మీసంలో నవ్వుకుని నెల రోజులు చూస్తానన్నాడు. ఒక్కసారి తప్పినా ఇద్దరూ ఇంటికేనన్నాడు.

మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళాం చేత రాళ్ళు వేయించుకుని పని చేయాలా అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడినా మాట్లాడకపోయినా మా ఇంట్లో అప్పటికి పెద్ద తేడా ఏమీ లేదు. మొదటి వారం నా గురి కుదరక జతగాడి నెత్తి బొప్పి కట్టింది. తర్వాత కుదిరింది. పట్టా మోగడం, నా ఒళ్ళోని గులకరాయి ఆయన వీపున పడటం ఒక్కటే. నెల గడిచింది. మేస్త్రీ ఆ ఊసే ఎత్తలేదు.

నేను పేరు పెట్టి పిలిచానని గనిలో వాళ్ళు ఆయనను ఏడిపించేవారు. ఏదీ, నా చెవిలో ఒకసారి అనవే, నేను ఒక్కణ్ణే వినలేదు అని ఇంటికొచ్చి బతిమాలేవాడు. నేను అనలేదు.

ఒకరోజు కేక పడకుండానే రాయి వేశాను. ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆయన పొద్దుటి నుంచి నడుము ఎత్తలేదు. రాయి తగిలీతగలగానే సమ్మెట పడేసి రొప్పుతూ పైకొచ్చాడు. చూస్తే ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. నా వంక గుడ్లురిమాడు. నేను మజ్జిగ ముంత చూపించాను.

నా పక్కన చతికిలబడి మజ్జిగంతా తాగాడు. లేచేముందు పిడికిట్లోంచి ఆ గులకరాయి తీసి నా ఒళ్ళో వేశాడు.

"మజ్జిగకైతే కాస్త చిన్నది వెయ్యవే" అన్నాడు.