మల్లన్న వేలికి తగలని దారం

ఒక దారప్పోగును మోస్తున్నాను. నవ్వకండి. సిమెంటు బస్తాలు మోసిన ఒళ్లే ఇది, బరువంటే ఏమిటో తెలియనివాణ్ణి కాను. ఇన్నేళ్లుగా దించుకోలేనిది మాత్రం ఈ ఒక్కటే. మా ఆవిడకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినా చెప్పలేదు. దారం ఆయనది కాబట్టి అక్కడ అసలే నోరు రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

బహ్రెయిన్‌లో నాది పిట్టలు కొట్టే పని. గల్ఫంతా దుబాయే మా ఊళ్లో. అక్కడ చెబితే, దుబాయి పోయింది గిందుకా అని నవ్వుతారు. ఇక్కడ సిత్రా అనే చోట పెద్ద పెద్ద గోడౌన్లున్నాయి. రేకుల కింద ఇనుప దూలాల మీద పావురాలు గూళ్లు పెట్టి, బియ్యం బస్తాల మీద రెట్టలు వేస్తాయి. వలకు చిక్కనివాటిని ఎయిర్‌గన్‌తో కొట్టాలి. బయట చెత్త దగ్గర చేరే కాకుల్ని కూడా. అనుమతి కంపెనీది, తుపాకి కంపెనీది, చెయ్యి మాది. అప్పట్లో మేం ఇద్దరం, నేనూ మల్లన్నా. అన్న మా జగిత్యాల వైపువాడే, నాకంటే చాలా పెద్ద. ఊళ్లో తాళ్లెక్కి కల్లు గీసినవాడు. మోకు ముడి బిగిసిందో లేదో చూడక్కర్లేదు, వేలికి తెలిసిపోతుందనేవాడు. కళ్లకంటే వేళ్లనే ఎక్కువ నమ్మేవాడు.

ఎయిర్‌గన్‌కు స్కోపు ఉంటుంది, గురి చూసే దుర్బీను. అందులో గీతలు కలిసేచోటికే గుండు పోతుందనుకుంటారు తెలియనివాళ్లు. పోదు. స్కోపు గొట్టానికి పైన ఉంటుంది, గుండేమో పోనుపోను కిందికి జారుతుంది. ఏ దూరంలో చూపూ గుండూ కలవాలో మనమే ఎంచుకుని, స్కోపు మీది మర తిప్పి పెట్టుకోవాలి. దాన్నే జీరో అంటాం. లోపల పావురాలకు ఇరవై మీటర్లు, బయట కాకులకు నలభై. నలభైకి పెట్టి ఇరవైలో కొడితే గుండు గురికి కొంచెం పైనుంచి పోతుంది. కొంచెమే.

ఉన్నది ఒకటే తుపాకి. అందుకని మల్లన్న ఒక పద్ధతి పెట్టాడు. వదిన కొండగట్టు గుడి నుంచి తెచ్చి పంపిన కాషాయ దారాన్ని తన చేతినుంచి విప్పాడు. దూరం జీరో పెడితే దారం స్కోపుకు కట్టాలి. దగ్గరికి తిప్పితే విప్పి, తిప్పినవాడు తన మణికట్టుకు చుట్టుకోవాలి. "దేవుడు సుత డ్యూటీ జెయ్యాలె గదా తమ్మీ" అని నవ్వాడు. తుపాకి ఎత్తేముందు ప్రతిసారీ బొటనవేలితో స్కోపు కింద తడిమేవాడు. దారం తగలకపోతేనే లోపల గుండు పేల్చేవాడు.

నాకది చాదస్తమనిపించేది. ముప్ఫైకి పెట్టేస్తే రెంటికీ సరిపోతుంది కదా అని వాదించాను. రెండు పనులకు ఒక్క దూరం ఎట్లా కుదురుతుందని ఆయన పట్టుబట్టాడు. ఆయన మాటే నెగ్గింది. నాకది గుచ్చుకుంది. ఇది కూడా చెప్పాలి కదా.

ఆ పొద్దున బయట కంచె మీద ఒక కాకి వాలింది. మర నలభైకి తిప్పాను. దారం నా మణికట్టుకే ఉంది. విప్పి కట్టడం ఎంతసేపు? ఒక్క కాకే కదా, కొట్టేసి వెంటనే తిప్పేద్దామనుకున్నాను. కాకి ఎగిరిపోయింది. సూపర్‌వైజర్ లోపల్నుంచి "యల్లా, యల్లా" అని, త్వరగా రమ్మని కేకేశాడు. తుపాకిని గోడౌన్ గుమ్మం దగ్గర పెట్టి నిచ్చెన తేవడానికి వెళ్లాను. మరిచిపోయానా? అవును, మరిచిపోయాను. అయితే అది ఉత్త మరుపేనా, ఆ దారమంటే నాకున్న చులకన నన్ను మరిచిపోనిచ్చిందా? 

నిచ్చెనతో వచ్చేసరికి తుపాకి మల్లన్న చేతిలో ఉంది. బొటనవేలు స్కోపు కింద పాకింది. ఆగింది. మళ్లీ పాకింది. నేను చూస్తూనే ఉన్నాను. 'అన్నా' అని పిలవబోయానేమో. పిలవబోయానని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నానేమో. కంటి రక్షణకు కంపెనీ ఇచ్చిన కళ్లద్దాలు ఆగస్టు ఉక్కకు ఆవిరి పడితే ఆయన నుదుటి మీదికి తోసుకున్నాడు, అందరం చేసినట్టే. దూలం మీది పావురానికి గురిపెట్టి కొట్టాడు. పావురం కదల్లేదు. గుండు దానిపైనుంచి పోయి దూలానికి కొట్టుకుని తిరిగొచ్చింది. మల్లన్న కుడికన్ను పట్టుకుని కూలబడ్డాడు.

సూపర్‌వైజర్ ఆయన దగ్గరికి ఉరికాడు. నేను తుపాకి దగ్గరికి పోయాను.

మణికట్టు మీది దారాన్ని పళ్లతో లాగి విప్పాను. స్కోపుకు కట్టాను. ముడి కుదురుగానే పడింది. అవతల మనిషి అమ్మా అని మూలుగుతుంటే నా చేతులు వణకలేదు. ఎందుకు వణకలేదు? అంత నిబ్బరం నాకెక్కడిది? కాకికి గురిపెట్టినప్పుడు లేని నిదానం అప్పుడెక్కడినుంచి వచ్చింది?

మా దారం పద్ధతి సూపర్‌వైజర్‌కూ తెలుసు. తర్వాత దారం చూపించి, ముందునుంచే ఉందా అని హిందీలో అడిగాడు. "హా భాయ్, థా" అన్నాను. ఖలాస్. మల్లన్న చూసుకోకుండా కొట్టాడని అందరూ అనుకున్నారు.

కన్ను దక్కలేదు. ఆసుపత్రిలో కట్టుతో పడుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, దారం ఉండెనా?"

"ఉండె అన్నా."

"నేను పట్టి సూసిన. ఏలికి తాకలే."

"తొందరల సూస్కోనట్టున్నవ్ అన్నా."

బొటనవేలిని చూపుడువేలితో రాసుకుంటూ ఉన్నాడు. చివరికి అన్నాడు: "గట్లయితే నా ఏలే తప్పు జెప్పింది. నువ్వెందుకు అబద్ధం జెప్తవ్ తియ్యి."

ఆయన్ను ఇంటికి పంపేశారు. ఒంటికన్నుతోనూ తాళ్లెక్కేవాళ్లు మా వైపు ఉన్నారు. మల్లన్న ఎక్కలేదు. మోకు ముడి బిగిసిందో లేదో తన వేలికి తెలియడంలేదని మోకును ఎవరికో ఇచ్చేశాడట. వదిన ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. తలుపు గొళ్లెం పెట్టి మళ్లీ మళ్లీ తడుముతాడట. పడిందా అని ఆమెను అడుగుతాడట. ఆమె పడిందంటేనే పోయి పడుకుంటాడట.

కన్ను పోవడానికి ఉక్క కారణం, దూలం కారణం, నా మరుపు కారణం. ఆ తప్పును వీటన్నిటికీ పంచి నాకు నేను చెప్పుకోగలను, చెప్పుకున్నాను కూడా. కానీ ఆ వేళ్ల మీద ఆయనకున్న నమ్మకం? దాన్ని తీసింది నేనొక్కణ్ణే. ముడి వేసి మరీ తీశాను.

ఇప్పుడు తుపాకులు రెండున్నాయి, లోపలికొకటి, బయటికొకటి. దారం అవసరం లేదు. అయినా ఎత్తేముందు నా బొటనవేలు తనంతట తానే స్కోపు కిందికి పోతుంది. ఏమీ తగలదు. ఆ రోజు ఆయన వేలికి తెలిసింది ఇదే కదా అనిపిస్తుంది.

శుక్రవారం శుక్రవారం మల్లన్న ఫోన్ చేస్తాడు. నిన్ననే చేశాడు. పైలంగా సూస్కొని కొట్టు తమ్మీ, నా లెక్క జెయ్యకు అన్నాడు. సరే అన్నా అన్నాను. నిజం చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను, ఎప్పటిలాగే. ఆయన క్షమిస్తాడేమోనన్నదే నా భయమనుకుంటాను. క్షమించమని మిమ్మల్నీ అడగను. ఒక్కసారి ఈ మాట నా బయట ఉంటే చాలు.

దారం లేదన్నా. నీ ఏలు నిజమే జెప్పింది.