తెర లేని సోదా

మా బొగ్గుబాయిలో సోదా లేకుండా కిందికి దిగినవాళ్లు లేరు. అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోను, నిప్పురవ్వ పుట్టించేది ఏదీ లోపలికి పోకూడదు. పెద్ద మేనేజరైనా గేటు దగ్గర చేతులెత్తి నిలబడాల్సిందే. మగవాళ్లను రఘుపతి చూస్తాడు, ఆడవాళ్లను తెర వెనక సంతోషి చూస్తుంది. బాయి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూం కిటికీలోంచి ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్న గేటు అది. అక్కడ గార్డుగా నిలబడాల్సిన పిల్ల కాదు సంతోషి. ఆ మాట ముందే అనేస్తే నా కడుపుమంట కొంచెం తగ్గుతుంది.

ఆమె తండ్రి లింగమూర్తి నాతోపాటే ఉద్యోగంలో చేరాడు. మంథని అవతలి అడవి ఊరి నాయకపోడు తెగ మనిషి. వాళ్ల చుట్టాలందరిలో ఇంజనీరింగు సీటు తెచ్చుకున్న మొదటి పిల్ల సంతోషి. మైనింగ్ చదివి ఈ బాయిలోనే ఆఫీసరుగా దిగుతానని మా బాయి కార్మికులుండే సెంటినరీ కాలనీ అంతా చెప్పుకుని తిరిగింది.

ఆ కాలేజీ పేరు చెప్పను. చెప్పినా దానికి సిగ్గు రాదు. మీ ఇంట్లో ఉడుము వండుతారట కదా అని హాస్టల్లో ఒకతె అడిగేది, కోటా సీటని ఇంకొకతె గొణిగేది. మెస్సులో సంతోషి కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అవన్నీ నవ్వి ఊరుకుంది. రెండో ఏడు వేదిక అనే అమ్మాయి బంగారు గొలుసు పోయింది. హాస్టల్లో ఉన్నది అరవై మంది. వార్డెన్ సంధ్యారాణి మేడం తెరిపించింది ఒక్కటే పెట్టె. వరండాలో అందరి ముందర సంతోషి బట్టలు ఒక్కొక్కటే దులిపించింది, లోపలి బట్టలతో సహా. ఏమీ దొరకలేదు. నాలుగు రోజులకు ఆ గొలుసు వేదిక దిండు గలేబులోనే బయటపడింది.

ఆ సంగతి మెస్సులో అందరికీ చెప్పమని సంతోషి బతిమాలుకుంది. దొరికింది కదా, ఇంకా ఎందుకు సాగదీస్తావని మేడం పంపించేసింది. దొంగ అన్న ముద్ర అందరి ముందర పడింది. కాదన్న మాట వార్డెన్ గది దాటి రాలేదు. తనను చూసి సబ్బుపెట్టెలు కూడా దాచుకునేవాళ్ల మధ్య ఆ పిల్ల ఇంకో మూడు నెలలు ఉండి, పెట్టె సర్దుకుని వచ్చేసింది.

ఆ ఏడే లింగమూర్తి ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయ్యాడు. తండ్రి ఉద్యోగం కూతురికి వచ్చింది. ఆఫీసరుగా దిగాల్సిన బాయి గేటుకే కాపలా పెట్టారు. అది జరిగి ఎనిమిదేళ్లు.

ఏటా చలికాలంలో బాయి చూడటానికి కాలేజీ పిల్లలు వస్తారు. ఆ జాబితా రాగానే తన పాత కాలేజీ పేరుందా అని ముందు చూసేది సంతోషే. ఏం చేద్దామనుకుంటున్నావని ఒకసారి అడిగాను.

"అందరి ముందర ఒక్క మాట జెప్పాలె కాకా. గొలుసు సంతోషి తియ్యలేదని ఆ మేడం నోటితోనే జెప్పాలె. గంతే."

మరిచిపొమ్మని మా ఇంటిది చెప్పింది. నేను మాత్రం చెప్పలేదు. మరిచిపోవడం చేసినవాళ్లకు తేలిక, పడ్డవాళ్లకు కాదు.

మొన్న జనవరిలో ఆ కాలేజీ బస్సు రానే వచ్చింది. పదకొండు మంది ఆడపిల్లలు, వెంట సంధ్యారాణి మేడం. ఫోన్లు నా కిటికీలో ఇచ్చి, తమ దగ్గర ఇంకేమీ లేదని పుస్తకంలో సంతకాలు పెట్టారు. మేడం కూడా పెట్టింది. పిల్లలను సంతోషి తెర వెనక ఒక్కొక్కరినే చూసి పంపింది. మేడం వంతు వచ్చేసరికి తెరను పైకెత్తి ముడేసింది.

నేను స్టాఫ్ అంది మేడం. ఎవరికైనా ఇదే రూలని సంతోషి చేతులెత్తమంది. భుజాలు, నడుము, కాళ్ల దాకా తీరుబడిగా తడిమింది. హ్యాండ్‌బ్యాగు బల్ల మీద బోర్లించింది. దువ్వెన, బీపీ మాత్రలు, నలిగిన చేతిరుమాలు అన్నీ బయటపడ్డాయి. పిల్లలు తలలు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. ఆ రోజు వరండాలో ఎవరు తిప్పుకున్నారు గనుక?

బ్యాగు అడుగు అరలోంచి ఇంకో ఫోను జారింది.  ఇంట్లో వాడే ఫోనని, మరిచిపోయి తెచ్చానని, పైకి తెలిస్తే కాలేజీ పరువు పోతుందని మేడం గొంతు తగ్గించి చెప్పుకుంది. అప్పుడు చూసింది ఎదురుగా ఉన్న మనిషి ఛాతీ మీది బ్యాడ్జిలో పేరును.

"మరిచిపోయిన అంటున్నరు, నేను నమ్ముత మేడం," అంది సంతోషి. "నా పెట్టెల ఏం దొరకలే. అయినా మీరు నమ్మలే."

ఏం కావాలని అడిగింది మేడం చివరికి. సంతోషి చెప్పింది. మేడం పిల్లల వైపు తిరిగి, గొలుసు సంతోషి తీయలేదు, తప్పు నాదే అంది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఏ గొలుసో, ఎప్పటిదో వాళ్లకేం తెలుసు? వినాల్సిన అరవై మందిలో ఒక్కరూ అక్కడ లేరు. ఇన్నేళ్లు కాచుకున్న మాట అట్లా వృథా అయినందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సంతోషి ఏడవలేదు. ఆ ఫోను తీసి మేడం చేతిలో పెట్టింది. పాత హాస్టల్ పిల్లలకు వాట్సాప్ గ్రూపు ఉందని, మేడంతో సహా తనను తప్ప అందరినీ చేర్చుకున్నారని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. అదే మాట అందులో రాయమంది. రాస్తే పిల్లలు బాయి దిగుతారు, రాయకపోతే ఫోను సంగతి పుస్తకంలోకి ఎక్కి అందరూ బస్సెక్కుతారు. ఇది బేరమే, ఉద్యోగం పోగొట్టే తప్పు కూడా. నేను తల వంచుకుని ల్యాంపులు తుడుస్తూ కూర్చున్నాను.

మేడం రాసింది. నిమిషం గడవకముందే జవాబు వచ్చింది, వేదిక నుంచి. మేడం దాచబోయిన ఫోనును సంతోషి తన వైపు తిప్పుకుని పైకి చదివింది. గొలుసు పోవడం గుర్తుంది మేడం, కానీ ఏ సంతోషి?

 సంతోషి దాన్ని ఇంకోసారి తనలో తాను చదువుకుంది.  స్టూలు లాగి మేడం ముందు వేసింది.

"కూసోన్రి. ఏ సంతోషో మొదటి నుంచి రాయున్రి. అందరికి యాదికొచ్చేదాక రాయున్రి."

మేడం కూర్చుంది.